మందులో నీళ్ళు

పోయిన వారం నన్ను సాక్షి బోను మొదటి మెట్టు మీద ఒంటికాలితో నిలబెట్టి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ అలాగే ఉన్నాను. కాలు తిమ్మిరెక్కింది. ఇక ఎక్కేస్తాను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మా ఆయన పాలిష్ మేస్త్రీ. బల్లలకీ కుర్చీలకీ బీరువాలకీ లక్క పాలిష్ పట్టించడం ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని. లక్క పెంకుల్ని స్పిరిట్లో నానేస్తే తేనె రంగులో ఒక నీళ్ళలాంటిది తయారవుతుంది. దాన్ని మా వర్క్‌షాపులో మందు అంటాం. గుడ్డ ఉండతో దాన్ని చెక్కకి పట్టించడాన్ని మందు కొట్టడం అంటాం. పాత బ్రాందీ సీసాల్లో పోసి అలమరలో వరసగా పెట్టుకుంటాం, వాటి గాజు మందంగా ఉంటుంది కాబట్టి.

ఆరు నెలల క్రితం ఒక పొద్దున మామూలు చొక్కాల్లో ముగ్గురు మగవాళ్ళు వచ్చి, "ఇంట్లో మందుందా అమ్మా?" అని అడిగారు. గిరాకీ అనుకున్నాను. "ఎందుకు లేదూ! బోలెడుంది. మా ఆయన పొద్దున లేస్తే మందు కొట్టాల్సిందే" అన్నాను, నవ్వుతూ, ఈ మహాతల్లిని. వాళ్ళు ఎక్సైజు వాళ్ళు. మద్యనిషేధం వచ్చి అప్పటికి రెండేళ్ళు. అలమరలోంచి పన్నెండు సీసాలు దింపారు, నా మాటలు పంచనామాలో పొల్లుపోకుండా రాశారు, మా ఆయన్ని జీపెక్కించారు. నలభై రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. నేరం రుజువైతే ఐదేళ్ళు. నా నోరే మా కొంప ముంచింది. ఆయన మాత్రం ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, ఇద్దరం అరుచుకుని తేలికపడేవాళ్ళం.

సరే, బోనెక్కాను.

ఎదురుగా ముద్దాయి బోనులో మా ఆయన. జడ్జిగారి వంక చూడటం లేదు, నా వంకా చూడటం లేదు. బోను కర్ర మీద పాలిష్ పెచ్చులు లేచిపోయి ఉంటే దాన్ని బొటనవేలితో రాస్తున్నాడు. నాకు తెలుసు ఆ రాయడం. 'ఎవడు కొట్టాడో గానీ రెండు కోటింగులతో సరిపెట్టాడు' అని మనసులో తిట్టుకుంటున్నాడన్నమాట. వెనక బెంచీలో ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని మా తమ్ముడు. పాపం, జామీనుదార్లని వెతికింది వాడే, లాయరమ్మని పట్టుకొచ్చింది వాడే, ప్రతి వాయిదాకీ టీ మోసుకొచ్చిందీ వాడే. ఒకప్పుడు బాగా తాగేవాడు. మానేశానని నా చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాక, వర్క్‌షాపు వెనక గదిలో ఉండనిచ్చాను.

లాయరమ్మ నాకు ముందే చెప్పి పెట్టింది. "అడిగినదానికే జవాబు. అవును, కాదు, తెలీదు. నాలుగో మాట వద్దు." నాలుగో మాట లేకుండా నేను పుట్టి ఎరగను. అయినా పెదాలు బిగించుకున్నాను. ఆవిడ అడిగిన నాలుగు ప్రశ్నలకీ బుద్ధిగా జవాబు చెప్పాను. తర్వాత ప్రభుత్వ వకీలు లేచాడు. సన్నగా, ఆకలి మీద ఉన్నట్టు ఉంటాడు ఆయన.

"పంచనామాలో ఉన్న ఈ మాటలు మీవేనా?"

"నావేనండి."

"'మా ఆయన పొద్దున లేస్తే మందు కొట్టాల్సిందే.' అన్నారా?"

"అన్నానండి."

"రోజుకి ఎన్నిసార్లు కొడతాడు?"

"చెక్కని బట్టండి. మామూలు చెక్కకి ఎనిమిది సార్లు. టేకైతే పన్నెండు కూడా కొట్టాల్సి వస్తుంది. అది కూడా ఆరనిచ్చి, ఆరనిచ్చి. ఆరకుండా మీద మీద కొడితే పొక్కులొస్తాయండి."

జడ్జిగారు కళ్ళద్దాలు కిందికి జరిపి చూశారు. "ఎవరికి?"

"బల్లకండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వకీలు ముఖం మాడిపోయింది. ఒక కాగితం తీసి గాల్లో ఊపాడు.

"ఇది ప్రభుత్వ ల్యాబు రిపోర్టు. సీసాలో ఆల్కహాల్ ఉందని రాశారు. అబద్ధమా?"

"కాదండి. స్పిరిట్ కదా, ఉంటుంది."

"ఉంది కదా! అంటే మద్యమే కదా! అవునా, కాదా?"

అవునంటే ఐదేళ్ళు. కాదంటే, ల్యాబు రిపోర్టు ముందు నా మాట ఎవరు వింటారు? లాయరమ్మ వంక చూశాను. ఆవిడ కళ్ళతోనే 'నాలుగో మాట వద్దు' అంటోంది. మా ఆయన్ని మళ్ళీ ఆ జీపెక్కిస్తుంటే చూడటం నా వల్ల కాదు, చచ్చినా కాదు.

"నీళ్ళు కలిపి చూడండి!" అని అరిచేశాను.

ప్రభుత్వ వకీలు అభ్యంతరం అన్నాడు. లాయరమ్మ నుదురు పట్టుకుంది. నేను జడ్జిగారి వంక చూస్తున్నాను కాబట్టి అప్పుడు గమనించలేదు గానీ, తర్వాత తలుచుకుంటే గుర్తొచ్చింది. మా ఆయన బొటనవేలు కర్ర మీద ఠక్కున ఆగిపోయింది.

"నీళ్ళు కలిపితే ఏమవుతుందమ్మా?" జడ్జిగారు అడిగారు.

"తాగే మందైతే ఏమీ కాదండి. తాగేవాళ్ళు కలుపుకునేవి నీళ్ళేగా. మా మందైతే పాలైపోతుందండి, విరిగిపోతుంది. ఒక్క తడిచుక్క పడితే సీసా మొత్తం పారబొయ్యాల్సిందే. మంచినీళ్ళ బిందె కూడా వర్క్‌షాపు గుమ్మం లోపలికి రానివ్వరు మా ఆయన. దప్పికేస్తే బయటికెళ్ళి తాగాలి. ఇరవై రెండేళ్ళ కాపురంలో మేము పోట్లాడుకున్నదల్లా ఆ బిందె గురించేనండి."

జడ్జిగారు కలం పక్కన పెట్టారు. "ఆ పెట్టె తెప్పించండి."

పెట్టె వచ్చింది. పన్నెండు సీసాలు. ఒక్కో సీసా మెడకీ ఖాకీ గుడ్డ చుట్టి, దాని మీద లక్క కరిగించి, ముద్ర గుద్దారు. మా లక్కతో వచ్చిన కేసుకి మళ్ళీ లక్కే సీలు. బెంచి గుమాస్తా ఒకటి తీసి, సీలు పగలగొట్టి, మూత ఉందనుకుని సీసా మెడ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు, ఏదీ రావడం లేదు.

"తిప్పకండి సార్, లాగండి" అన్నాడు మా ఆయన బోనులోంచి. ఆ రోజు కోర్టులో ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. "మేము మూతలు పెట్టం. మరలో లక్క పట్టేసిందంటే మళ్ళీ రాదు. గుడ్డ బిరడాలే పెడతాం."

గుమాస్తా లాగాడు. గుడ్డ బిరడా ఊడి వచ్చింది. జడ్జిగారి బల్ల మీద గ్లాసులో మంచినీళ్ళున్నాయి. అందులో కాస్త వంచాడు.

తేనె రంగు ధార నీళ్ళని తాకిందో లేదో, గ్లాసంతా తెల్లగా పాలైపోయింది. రెండు క్షణాలకి విరిగిన పాలలా ముద్దలు కట్టి అడుక్కి దిగింది. జడ్జిగారు ముందుకి వంగారు. వెనక బెంచీల వాళ్ళు లేచి నిలబడ్డారు. బిళ్ళ బంట్రోతు కూడా కూర్చోండి అనడం మర్చిపోయి మెడ చాచాడు.

"ఇంకోటి" అన్నారు జడ్జిగారు.

గుమాస్తా చెయ్యి పెట్టె మీద అటూ ఇటూ తిరిగింది. మా ఆయన రెండు చేతులతో బోను కర్ర పట్టుకున్నాడు. వేళ్ళు పాలిపోయాయి. ఇంత జరిగాక కూడా ఈ మనిషికి భయమేమిట్రా దేవుడా అనుకున్నాను. రెండోదీ పాలే. మూడోదీ పాలే. బల్ల మీద మూడు గ్లాసులు, అచ్చం పాల కేంద్రంలా తయారైంది.

"ఇంకా తొమ్మిదున్నాయి" అన్నాడు గుమాస్తా. "గ్లాసులు లేవు సార్."

"చాలు" అన్నారు జడ్జిగారు. "ప్రభుత్వం వారికేమైనా అభ్యంతరమా?"

ప్రభుత్వ వకీలు గోడ గడియారం వంక చూశాడు. భోజనాల వేళ దాటిపోతోంది. లేదన్నాడు.

జడ్జిగారు ఎక్సైజు ఇన్‌స్పెక్టర్ని ముందుకి పిలిచారు. పంచనామా తిరగేసి పైకి చదివారు. "'వాసన చూసి, రుచి చూసి, పన్నెండు సీసాలలోనూ ఉన్నది మద్యమేనని నిర్ధారణ చేసుకున్నాము.' పన్నెండూ రుచి చూశారా?"

ఇన్‌స్పెక్టరుకి చెమటలు పట్టాయి. "అంటే సార్... ఆ వాక్యం ప్రతి కేసులోనూ ఉంటుంది సార్. అలా రాయడం మామూలు."

"అంటే ఒక్కటి కూడా రుచి చూడలేదా?"

"ఒకటి చూశాను సార్. ఒట్టు. నిజంగా చూశాను. అది అసలు సరుకే సార్!"

లాయరమ్మ లేచింది. "నోట్లో తడి ఉంటుంది కదండీ. లక్క మందు నోట్లో పోసుకుంటే విరిగి, నాలిక్కీ పెదాలకీ అతుక్కుపోవాలి. ఇన్‌స్పెక్టరుగారి పెదాలు ఇంత చక్కగా ఎలా విడివడ్డాయో కోర్టువారు గమనించాలని మనవి."

ఇక ఆపడం ఎవరి తరం? నవ్వులే నవ్వులు. ఇన్‌స్పెక్టరు మాత్రం ఆ నవ్వుల మధ్యే గొణుగుతున్నాడు, "ఒట్టు సార్, ఒకటి చూశాను" అని. పాపం, ఎవరూ వినిపించుకోలేదు. నేనైతే అందరికంటే గట్టిగా నవ్వాను. ఆరు నెలల నవ్వు లోపల మూటకట్టుకుని ఉంది మరి.

మధ్యాహ్నం తీర్పు చెప్పారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సెక్షన్లు, నంబర్లు. లాయరమ్మ నా జబ్బ గిల్లి, "నిర్దోషి అమ్మా, కొట్టేశారు కేసు" అంటే, అప్పుడు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. సిగ్గూ లేదు ఏమీ లేదు. మా ఆయన బోను దిగుతూ బంట్రోతుతో, "ఈ కర్ర గీకి మళ్ళీ కొట్టాలి. ఒక్క ఆదివారం నాకివ్వండి, ఊరికే చేసి పెడతాను" అంటున్నాడు. ఇంతకీ ఆయనకి విడుదల అయిన సంతోషం ముఖ్యమా, కర్ర ముఖ్యమా, ఇప్పటికీ నాకు తెలీదు.

వరండాలో లాయరమ్మ నన్ను నిలదీసింది. "ఆరు నెలలుగా నా దగ్గరికి తిరుగుతున్నారే, ఈ నీళ్ళ ముక్క ముందే నాకెందుకు చెప్పలేదు?"

"మీరే కదండీ, అడిగినదానికే జవాబు చెప్పమన్నారు!"

ఆవిడ నెత్తి కొట్టుకుని నవ్వింది. నిజానికి నాకది చెప్పాల్సిన విషయమని తట్టనే లేదు. పాలిష్ మందులో నీళ్ళు కలిస్తే విరుగుతుందని ఎవరైనా ప్రత్యేకంగా చెబుతారా? నిప్పు కాలుతుందని చెబుతామా? మా తమ్ముడు ఫ్లాస్కులో టీ మూతలో పోసి ముందు బావకిచ్చాడు. ఇస్తూ సగం టీ కింద ఒలకబోశాడు. సంతోషం పట్టలేకపోతున్నాడు అనుకున్నాను.

సీసాలు తిరిగి ఇచ్చేయమని కూడా ఉత్తర్వు అయింది. పుస్తకంలో సంతకం పెట్టించుకుని, పెట్టె మా చేతికిచ్చారు. తమ్ముడు లాయరమ్మ ఆఫీసుకి కాగితాల కోసం వెళ్ళాడు. మేమిద్దరం పెట్టె మధ్యలో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాం. దారి పొడుగునా నేనే మాట్లాడాను. ఆయన ఊ కొడుతూ నవ్వాడు. ఆరు నెలల తర్వాత ఆ నవ్వు చూసి నాకు ఆకలేసింది. నిజంగా ఆకలి, కడుపు కాలిపోయే ఆకలి. ఇన్నాళ్ళూ తిన్నది ఒంటికి పట్టలేదని అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి, తిని, వర్క్‌షాపు కిటికీలు తెరిచాను. సాయంత్రపు ఎండ బల్ల మీద పడుతోంది. ఆయన ఒక పాత కుర్చీ ముందేసుకుని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయింది! ఇంటికి ప్రాణం వచ్చినట్టయింది నాకు. నేను నేల మీద కూర్చుని మిగతా తొమ్మిది సీసాల సీళ్ళు ఒక్కొక్కటీ ఊడదీసి, గుడ్డతో తుడిచి, అలమరలో సర్దుతున్నాను.

"అవునూ" అన్నాను సర్దుతూనే. "నాకైతే తట్టలేదు, నేను పిచ్చిమొహాన్ని. ముప్ఫై ఏళ్ళ మేస్త్రీవారు, మీకెందుకు తట్టలేదూ? మొదటి రోజే ఇన్‌స్పెక్టరుతో నీళ్ళు కలిపి చూడమని ఉంటే నలభై రోజుల జైలు తప్పేది కదా?"

గరుకు కాగితం ఆగింది.

"తట్టింది" అన్నాడు.

"తడితే చెప్పలేదేం మరి?"

ఆయన కుర్చీ కాలు మీది దుమ్ము ఊదాడు. నా చేతిలో ఉన్నది చివరి సీసా. ఖాకీ గుడ్డ విప్పాను. కింద బిరడా లేదు. మూత ఉంది. తళతళలాడే రేకు మూత, మర మూత.

మేము మూతలు పెట్టం.

ఇరవై రెండేళ్ళలో ఆ అలమరలో మూత ఉన్న సీసా నేను చూడలేదు. మూత తిప్పాను. హాయిగా తిరిగింది, లక్క పట్టిన జాడే లేదు. వాసన చూశాను. గుమ్మం బయటికి వెళ్ళి, బిందెలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి, అందులో కాస్త వంచాను. చూస్తూ నిలబడ్డాను. నీళ్ళు కాస్త ఎర్రబడ్డాయి, అంతే. పాలు కాలేదు, ముద్ద కట్టలేదు. గ్లాసులోంచి అవతలి గోడ మీద మేకు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. కోర్టువారు సంతకం పెట్టించుకుని మరీ మా చేతికిచ్చిన అసలు సిసలు బ్రాందీ.

ఇన్‌స్పెక్టరు ఒక్కటి రుచి చూశానన్నాడు. అబద్ధం చెప్పలేదు ఆ మానవుడు.

గ్లాసు పట్టుకుని లోపలికొచ్చాను. మా ఆయన కుర్చీ వంకే చూస్తున్నాడు.

"నేను కలిపినవి పదకొండే" అన్నాడు నెమ్మదిగా. "వాళ్ళు పన్నెండు లెక్కపెట్టినప్పుడే అర్థమైంది. నీళ్ళు కలపమని నేనంటే పన్నెండిట్లోనూ కలిపేవాళ్ళు. అప్పుడు ఎవరిదని అడిగేవాళ్ళు. ఈరోజు నువ్వు అరవగానే నా ప్రాణం పోయింది. ఆ గుమాస్తా చెయ్యి దాని మీద పడకూడదని మొక్కని దేవుడు లేడు."

ఎవరిదని నేను అడగలేదు. వర్క్‌షాపు వెనక గదిలో ఉండేది ఒక్కడే.

సిగ్గులేకుండా ఒక మాట చెబుతాను. మొదట నాకు కోపం రాలేదు. హాయిగా అనిపించింది. ఎక్సైజు వాళ్ళు ఆ రోజు ఊరికే రాలేదు, ఆ సీసా వెంటపడి వచ్చారు. నా నోరు జారకపోయినా వచ్చి ఉండేవాళ్ళే. ఆరు నెలలుగా గుండెల మీద ఉన్న బండరాయి దిగిపోయి ఊపిరి పూర్తిగా ఆడింది. ఆ తర్వాత నలభై రోజులు గుర్తొచ్చాయి. జైలు గేటు దగ్గర మాసిన గడ్డంతో ఈ మనిషి, ఆ పక్కనే నా భుజం మీద చెయ్యేసి, "ఊరుకో అక్కా, నువ్వు కావాలని అన్నావా ఏంటి" అని నన్ను ఓదార్చిన నా తమ్ముడు.

"నేను మీ కాళ్ళ దగ్గర కూర్చుని, నా నోటి వల్లే అని ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నారే!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఒక్క మాట చెప్పలేకపోయారా?"

ఆయన తలెత్తాడు.

"నీ నోటి మీద నీకొచ్చిన కోపం ఎప్పటికైనా పోతుంది. తమ్ముడి మీద వస్తే పోదు. నిన్ను నాకు తెలీదా? నీకున్న పుట్టిల్లు వాడొక్కడేగా" అన్నాడు. "దాన్ని పారబోసెయ్. గ్లాసు కడిగెయ్. అయిపోయింది కదా."

నేను పారబొయ్యలేదు. గ్లాసు తీసుకెళ్ళి ఎండ పడుతున్న బల్ల మధ్యలో పెట్టాను. పక్కన సీసా, దాని పక్కన రేకు మూత.

వీధిలో చెప్పులు విడిచిన చప్పుడైంది. "అక్కా! కాగితాలు తెచ్చేశా. ఇంకెవడూ మనల్ని ఏమీ చెయ్యలేడు!" అంటూ మా తమ్ముడు నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. వాడి కళ్ళు ముందు నా మీద, తర్వాత గ్లాసు మీద, చివరికి ఆ మూత మీద పడ్డాయి. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"వద్దే" అన్నాడు మా ఆయన నా వెనక నుంచి, మెల్లగా.

ఆరు నెలలుగా నేను తిట్టుకుంటూ వచ్చిన నోరు తెరిచాను.